జెజు దీవిలో ఒక రోజు: తూర్పు వైపా, పడమటి వైపా?

గత నెల ఈ శీర్షికలో, కొరియాకు దక్షిణాన ఉన్న జెజు దీవికి మేమిద్దరం వెళ్లొచ్చామని నాలుగు మాటలు రాశాను. ఉత్తరాలు మొదలయ్యాయి. ఎం.వి.పి. కాలనీ నుంచి, గాజువాక నుంచి, పెందుర్తి నుంచి. ముప్పై రెండేళ్లు వైజాగ్ బడుల్లో సోషల్ చెప్పాను. అగ్నిపర్వతం బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. దాని మీద కాలు పెట్టింది మాత్రం అరవై రెండో ఏట, పోయిన అక్టోబరులో. అందుకే ఈ నెల శీర్షిక అంతా ఆ దీవికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి సియోల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్టోబరులో మేం వెళ్తున్నాం. జెజులో రెండు రాత్రులు ఉంటాం, చూడటానికి పూర్తిగా దొరికేది ఒక్క రోజే. పెద్ద బస్సు టూరు వాళ్లు తక్కువ డబ్బుకి దీవి మొత్తం చూపిస్తామంటున్నారు. ఏడెనిమిది మందిని వ్యానులో తీసుకెళ్లే టూరుకి దాదాపు రెట్టింపు అవుతోంది. ఏది మంచిది? — ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

అమ్మా, వ్యానే తీసుకోండి. రెట్టింపు అని తెలిసే చెబుతున్నాను. నేను వరుసగా రెండు రోజుల్లో రెండూ చేసి చూశాను.

ముందు ఆ దీవి ఎంత ఉందో చూడండి. తూర్పు కొస నుంచి పడమటి కొసకు 73 కిలోమీటర్లు. అంటే మన వైజాగ్ నుంచి బయల్దేరి విజయనగరం దాటి పోయినంత. నట్టనడుమ హల్లాసాన్ పర్వతం, 1,947 మీటర్లు. దక్షిణ కొరియాలో అంతకంటే ఎత్తయిన కొండ లేదు. రోడ్లు దాని చుట్టూ తిరిగి వెళ్తాయి, లేదా దాని భుజాల మీదుగా ఎక్కి దిగుతాయి. ‘మొత్తం దీవి ఒక్క రోజులో’ అని ఎవరైనా అంటే ఆ రోజులో సగం బస్సు సీట్లోనే గడుస్తుంది.

మా మొదటి రోజు అలాగే గడిచింది. ముప్పై ఎనిమిది మందిమి, ఏడు చోట్లు. పడమటి తీరాన హల్లిమ్ పార్కు అనే తోట ఉంది. దాని కింద హ్యోప్‌జె అనే గుహ. లావా పారి ఏర్పడిన గుహ. గోడలు కాటుక నలుపు. ఆ నల్లటి కప్పు నుంచి తెల్లగా సున్నపు ఊడలు దిగి ఉన్నాయి, బొర్రా గుహల్లో మనం చూసేలాంటివే. నేను అక్కడే నిలబడిపోయాను. లావా గుహలో సున్నం ఎక్కడిది? పిల్లలకు నేను చెప్పిన పాఠం ప్రకారం ఉండకూడదు. గైడు దగ్గరికి వెళ్లి అడిగాను. ఆ అబ్బాయి మైకు పట్టుకుని మనుషుల్ని లెక్కపెట్టుకుంటున్నాడు. ‘బస్సులో చెబుతాను మేడమ్’ అన్నాడు. బస్సు ఎక్కాక తర్వాతి చోటు గురించి చెప్పాలి, ఆ తర్వాత మళ్లీ లెక్క. అతన్ని తప్పు పట్టను. ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరి ప్రశ్నకు ఆగితే మిగతా అందరి రోజూ ఆలస్యమవుతుంది.

నాకు కోపం వచ్చింది మాత్రం మధ్యాహ్నం. దక్షిణ తీరాన జుంగ్మున్ దగ్గర సముద్రంలోకి నల్లరాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. లావా చల్లారుతూ కుంచించుకుపోయి, బీటలు తీసి, చాలావరకు ఆరు పలకలుగా విడిపోయిన రాయి. ఎండిన చెరువులో మట్టి ఎలా పలకలుగా పగులుతుందో అలా. అవి నా జీవితంలో ఒక్కసారైనా చూడాలనుకున్నవి. అక్కడ మాకు ఇచ్చింది ఇరవై ఐదు నిమిషాలు. దానికి ముందు ఒక అంగడి దగ్గర మందులూ తేనే అమ్మడానికి మమ్మల్ని నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. బుక్ చేసినప్పుడు ఆ అంగడి సంగతి ఎక్కడా రాయలేదు.

రెండో రోజు తూర్పు వైపు, వ్యానులో. ఏడుగురిమి: మేమిద్దరం, మలేషియా నుంచి ఒక జంట, తైవాన్ నుంచి ఒక తల్లీ కూతురూ, ఒంటరిగా వచ్చిన ఒక కుర్రాడు. గైడు యాభై ఏళ్ల ఆవిడ, ఆ దీవిలోనే పుట్టి పెరిగింది. వ్యాను కదలకముందే రెండు మాటలు అడిగింది: ఎవరికైనా మోకాళ్ల నొప్పులున్నాయా, ఎవరైనా మాంసం తిననివాళ్లున్నారా అని. రోజు మొత్తం నాలుగే చోట్లు అంది. దారిలో నేను ముందురోజు మిగిలిపోయిన ప్రశ్న అడిగాను.

ఆవిడ చెప్పింది ఇది. హ్యోప్‌జె తీరాన ఉన్న తెల్ల ఇసుక, రాయి అరిగి వచ్చిన ఇసుక కాదు, చిప్పల పొడి. వేల ఏళ్లుగా గాలి ఆ పొడిని ఎగరేసి లావా నేల మీద పరిచింది. వాన పడితే ఆ చిప్పల్లోని సున్నం కరిగి, రాతి పగుళ్ల గుండా దిగి, కింద గుహలో బొట్టు బొట్టుగా ఊడలు కట్టింది. మన బొర్రాలో కొండే సున్నపురాయి, దాన్ని నీళ్లు తొలిచాయి. ఇక్కడ గుహ లావా పారి ఏర్పడింది, ఊడలు మాత్రం నీళ్లు కట్టాయి. ముందురోజు ఎదురుగా నిలబడి చూసి కూడా అర్థం చేసుకోలేనిది, మర్నాడు వ్యాను కిటికీ పక్కన కూర్చున్నప్పుడు అర్థమైంది. వ్యానుకు మీరిచ్చే అదనపు డబ్బు ఇందుకు. ఏసీకో, మెత్తటి సీటుకో కాదు.

నేను ఇచ్చింది మనిషికి 80 వేల వాన్లు. వెయ్యి వాన్లంటే మన డబ్బులో అరవై రూపాయల పైచిలుకు. భోజనం అందులో లేదు, టికెట్లు ఉన్నాయి. మీరు బుక్ చేసేముందు నిర్వాహకులకు ఒక మెసేజ్ పెట్టి, వ్యానులో ఎక్కువలో ఎక్కువ ఎంతమంది ఉంటారో, ఏదైనా అంగడి దగ్గర ఆపుతారో లేదో, ఎక్కించుకునే చోటు మీ హోటలుకు ఎంత దూరమో కనుక్కోండి. అంగడి గురించి సూటిగా జవాబు ఇవ్వకపోతే వేరే వాళ్లను చూసుకోండి.

ఇక ఏ వైపు అంటారా, అక్టోబరులో తూర్పే. సోంగ్సాన్ ఇల్చుల్‌బోంగ్ అటే ఉంది. పేరుకు అర్థం కోటలాంటి కొండ, సూర్యుడు ఉదయించే శిఖరం అని. సముద్రంలోకి పొడుచుకొచ్చిన గుండ్రటి కొండ, 182 మీటర్లు. ఇంచుమించు మన కైలాసగిరి అంత ఎత్తు, కానీ నడినెత్తిన పెద్ద గిన్నెలా గుంట. గిన్నె వెడల్పు 600 మీటర్లు, చుట్టూ అంచు మీద తొంభై తొమ్మిది రాతి మొనలు. సుమారు ఐదు వేల ఏళ్ల క్రితం సముద్రం అడుగు నుంచి లావా పైకి వచ్చి చల్లటి నీటిని తాకింది. కాగిన పెనం మీద నీళ్లు చల్లితే ఎలా చిట్లుతాయో మనకు తెలుసు కదా. ఆ చిట్లడమే కొండంత పెద్దదైతే, లోపలి రాయి పొడైపోయి, తడి బూడిదగా చుట్టూ పడి, పొర మీద పొరగా పేరుకుని ఈ కొండ అయింది. ఎక్కుతూ పక్కనున్న గోడ చూడండి, పూతరేకుల్లా పొరలు కనిపిస్తాయి. హల్లాసాన్, ఈ కొండ, గొమున్ ఒరుమ్ లావా గుహలు, ఈ మూడూ కలిపి 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

అక్టోబరు చివర్లో అటే సాంగుంబురి అని ఇంకొకటి ఉంది. అది కొండ కాదు, నేలలోకి దిగిన గుంట, వంద మీటర్లకు పైగా లోతు. దానికి వెళ్లే వాలు నిండా తెల్లటి వెన్నుల గడ్డి గాలికి ఊగుతూ ఉంటుంది. దూరం నుంచి చూసి మావారు ‘రెల్లు పూసింది’ అన్నారు. ఆ గడ్డి వేరు, ఆ పూత మాత్రం అచ్చం శరత్కాలంలో మన ఏటి గట్ల మీద రెల్లే.

ప్రయాణం సంగతి ఒక్కటి. మీ విమానం సియోల్‌లో దిగేది ఇంచియాన్‌లో. జెజు వెళ్లే విమానాలు చాలావరకు ఎక్కేది గింపో అనే మరో విమానాశ్రయం నుంచి. రెండింటి మధ్య రైలు ఉంది, కానీ సామానుతో మారడానికి తగినంత సమయం పెట్టుకోండి. కొరియా వీసా ఉంటే జెజుకు మళ్లీ వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు మాత్రం చేతిలో ఉండాలి, లోపలి విమానమైనా అడుగుతారు.

ప్రశ్న: మా అత్తగారికి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మా పాపకు ఎనిమిదేళ్లు, ఒక్క చోట నిలవదు. ఇద్దరినీ తీసుకుని ఇలాంటి గైడు టూరుకు వెళ్లొచ్చా? మా వల్ల మిగతావాళ్లకు ఇబ్బంది అవుతుందేమో అని టెన్షన్‌గా ఉంది. — ఒక కోడలు, పెందుర్తి

వెళ్లొచ్చమ్మా. మీ అత్తగారిని ఇంట్లో వదిలి వెళ్లకండి.

సోంగ్సాన్ కొండ ఎక్కడం ఒక్కటే కష్టం. మెట్లు నిటారుగా ఉంటాయి, మామూలు నడకకు ఇరవై నుంచి ముప్పై నిమిషాలు. మీ అత్తగారు ఎక్కనక్కర్లేదు. కొండ మొదట్లోనే పచ్చిక వాలు ఉంది, అక్కడి నుంచి సముద్రం, నిటారు కొండగోడ బాగా కనిపిస్తాయి. మావారికీ మోకాలు బాగాలేదు. గైడు తన ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇచ్చి, బల్ల చూపించి కూర్చోబెట్టింది. గంట తర్వాత నేను దిగి వచ్చేసరికి ఆయన నారింజలు అమ్మే ముసలావిడతో సైగలతోనే మాట్లాడుతున్నారు. ఆ గంట తనకు చాలా బాగుందని ఇప్పటికీ చెబుతారు.

సాంగుంబురి వాలు మెల్లగా ఎక్కుతుంది, మెట్ల దారి తప్పించుకోవచ్చు. సోంగుప్ అనే పాత ఊరు పూర్తిగా చదును. లావా గుహలు మాత్రం వద్దు. నేల తడిగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది, జారితే కష్టం. మాంజాంగుల్ అనే పెద్ద గుహలో పైనుంచి రాళ్లు ఊడి పడ్డాయని మూసేశారు. మీ టూరులో అది ఉంటే, తెరిచారో లేదో ముందే అడగండి.

ఇబ్బంది గురించి. ముందే చెబితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ‘ఒకరు మెట్లు ఎక్కలేరు, కింద కూర్చుంటారు’ అని బుక్ చేసేటప్పుడే ఒక వాక్యం రాయండి. ఆ రోజు మెట్ల దగ్గర నిలబడి చెబితేనే అందరూ గడియారాలు చూసుకుంటారు. మనవాళ్లు మొహమాటంతో ఇక్కడే నష్టపోతారు. డబ్బు కట్టినవాళ్లకు అడిగే హక్కు ఉంది, గైడుకు ముందే తెలుసుకునే హక్కు కూడా ఉంది.

పాప గురించి బెంగ వద్దు, సోంగుప్‌లో దానికి పని దొరుకుతుంది. అక్కడి పాత ఇళ్లకు తలుపుల గేట్లు లేవు. వాకిట్లో రెండు రాతి స్తంభాలు, వాటికి మూడేసి చిల్లులు, చిల్లుల్లో అడ్డంగా మూడు కర్రలు. మూడూ కిందికి దించి ఉంటే ఇంటివాళ్లు లోపలే ఉన్నారు. ఒక్కటి పెట్టి ఉంటే పక్కకే వెళ్లారు, ఇప్పుడే వస్తారు. రెండు ఉంటే కాస్త ఆలస్యం. మూడూ ఉంటే దూరం వెళ్లారు. మీ పాపను ప్రతి ఇంటి ముందూ నిలబెట్టి ‘ఇంట్లో ఉన్నారా, లేరా’ అని అడగండి.

ప్రశ్న: మేం గుడ్డు కూడా తినం. రోజంతా బయటుంటే ఏం తినాలి? — ఒక జంట, మర్రిపాలెం

ఇది నిజంగా కష్టమే, దాచను. కూరగాయల పులుసు అని ఇచ్చినదానిలో కూడా ఎండు చేపలు మరిగించిన నీళ్లు ఉంటాయి. కిమ్చీ అనే అక్కడి ఊరగాయలో చాలావరకు చేపల లేదా రొయ్యల ఊరు కలుపుతారు. కాబట్టి ‘మాంసం వద్దు’ అంటే చాలదు. మాంసం, చేప, గుడ్డు, చేపల రసం అన్నీ వద్దని కొరియా భాషలో రాయించి ఫోనులో ఉంచుకోండి.

మాకు గైడు బిబింబాప్ ఇప్పించింది. అన్నం మీద ఉడికించిన ఆకుకూరలు, మొలకలు, క్యారెట్టు, ఎర్ర మిరప ముద్ద. గుడ్డు తీసేయమంటే తీసేశారు. ఆ దీవిలో గోసారి అనే ఫెర్న్ మొక్క లేత చిగుళ్లు ఎండబెట్టి వండుతారు, ఆ అన్నంలో అదీ ఉంది, నాకు నచ్చింది. బింగ్‌తొక్ అని ఇంకొకటి: బక్‌వీట్ అనే గింజల పిండితో పల్చటి అట్టు పోసి లోపల ముల్లంగి కూర పెట్టి చుడతారు. చప్పగా ఉంటుంది. ఏ కొవ్వుతో వేశారో అడిగి తినండి, పాత పద్ధతిలో పందికొవ్వు రాస్తారు.

ఒమెగి తొక్ మాత్రం తప్పక తినండి. కొర్రల పిండి ఉడికించి ఉండ చేసి, ఎర్ర చిక్కుడు గింజల పొడిలో దొర్లిస్తారు. కొర్రలు ఆ దీవిలో ఎందుకంటే, అక్కడ వరి పెద్దగా పండదు. లావా రాయి జల్లెడలాంటిది. ఎంత వాన పడినా నీరు ఇంకిపోతుంది, వాగులు ఎక్కువ రోజులు ఎండిపోయి ఉంటాయి. ఇంకిన నీరు భూమి లోపలే పారి, సముద్రపు ఒడ్డున ఊటలుగా బయటికి వస్తుంది. అందుకే పాత ఊళ్లు చాలావరకు తీరం వెంటే ఉన్నాయి, పొలాల్లో కొర్రలు, బార్లీ వేశారు. మన్యంలో మన గిరిజనులు చోళ్లు, సామలు తిన్నట్టే.

వీటితోపాటు డబ్బాలో పులిహోర కలుపుకుని వెళ్లండి. మేం అలాగే చేశాం, తైవాన్ అమ్మాయి రెండుసార్లు పెట్టించుకుంది.

ప్రశ్న: అది ఇంకా చావని అగ్నిపర్వతమా? మేం అక్కడున్నప్పుడు పేలితే? మన సింహాచలం, కైలాసగిరి కూడా ఒకప్పుడు అగ్నిపర్వతాలేనని మా స్నేహితుడు అంటున్నాడు, నిజమేనా? — ఒక డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం

బాబూ, నీ ప్రశ్న చూసి నాకు మళ్లీ బడికి వెళ్లినట్టుంది.

జెజు దీవి సుమారు 18 లక్షల ఏళ్ల క్రితం నుంచి విడతలు విడతలుగా లావా పొంగి ఏర్పడింది. చరిత్రలో రాసిపెట్టిన చివరి పేలుళ్లు 1002లో, 1007లో జరిగాయి. వాటిని కొరియా రాజుల కాలపు గ్రంథంలో నమోదు చేశారు. అంటే వెయ్యేళ్లుగా నిద్రలో ఉంది. నువ్వు వెళ్లే రెండు రోజుల కోసం భయపడాల్సిన పని లేదు. భయపడాల్సింది గాలికి. ఆగస్టు, సెప్టెంబరుల్లో అటువైపు తుఫాన్లు వస్తాయి, విమానాలు ఆగిపోతాయి. తిరుగు ప్రయాణానికి ఒక రోజు వెసులుబాటు పెట్టుకో.

హల్లాసాన్ ఒక్కటే కాదు, దీవి మీద దాని పిల్లల్లా 360 దాకా చిన్న చిన్న కొండలున్నాయి, వాటిని ఒరుమ్‌లు అంటారు. చాలావరకు ఒక్కొక్కటీ ఒక్కసారి పొంగి ఆరిపోయినవే.

మన కొండల సంగతి. మీ స్నేహితుడిది పొరపాటు. సింహాచలం, కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్ లావా కొండలు కావు. అవి ఖొండలైట్ అనే రాయి. ఒకప్పటి మట్టీ ఇసుకా భూమి లోతుల్లోకి దిగి, వేడికీ ఒత్తిడికీ మారిపోయి రాయైంది. మన తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే ఆ రాయికి పెట్టారు. నిజమైన లావా చూడాలంటే రాజమండ్రి వెళ్లు. కాతేరు దగ్గర, గోదావరి అవతల పంగిడి దగ్గర క్వారీల్లో కనిపించే నల్లరాయి దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి లావా, దక్కను పీఠభూమి లావాకు చుట్టం. జెజు వెళ్లడానికి ముందు ఒక ఆదివారం అక్కడికి వెళ్లి ఆ రాయిని చేత్తో పట్టుకుని చూడు. జెజు రాయి చాలావరకు చిల్లులు చిల్లులుగా, బరువు తక్కువగా ఉంటుంది. గ్యాసు బుడగలు రాతిలో చిక్కుకుపోయిన గుర్తులు అవి.

ప్రశ్న: గైడు ఎందుకండీ? కారు అద్దెకు తీసుకుంటే మన ఇష్టం కదా. — ఒక పాఠకుడు, సీతమ్మధార

అక్కడ బళ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, మనకు చేయి తిరగాలి. గూగుల్ మ్యాప్ దారి సరిగా చెప్పదు, నేవర్ అనే అక్కడి మ్యాప్ వాడాలి. ఇవి రెండూ మీకు సమస్య కాకపోతే, రెండు మూడు రోజులు ఉండేటట్టయితే కారు మంచిదే. బస్సులూ బాగుంటాయి: తూర్పు తీరం వెంట 201, పడమటి తీరం వెంట 202.

ఒక్క రోజే ఉంటే మాత్రం నా మాట వినండి. కారులో వెళ్తే మేం ఒక పొలం దగ్గర ఆగేవాళ్లం కాదు. మా గైడు ఏమీ లేని చోట వ్యాను ఆపింది. నల్లరాళ్లు పేర్చిన గోడ, అవతల క్యారెట్టు పొలం. మట్టి లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి, మధ్య సందులు. ‘చేయి పెట్టి చూడండి’ అంది. సందుల్లోంచి గాలి అరచేతికి తగిలింది. అడ్డంగా గట్టి గోడ కడితే జెజు గాలి తోసేస్తుంది, సందులుంటే గాలి విరిగి వెళ్లిపోతుంది, మట్టీ మొక్కా నిలుస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ రోజున మా వీధిలో ఒకటిన్నర ఇటుక మందం గోడలు పడుకుండిపోవడం నేను చూశాను. ఆ పొలం గోడ దగ్గర నాకు అదే గుర్తొచ్చింది. దీవిలో ఇలాంటి పొలం గోడలన్నీ కలిపితే 22 వేల కిలోమీటర్లకు పైనే అని లెక్క. 2014లోనే ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ వాటిని వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అవి రోడ్డు పక్కన ప్రతిచోటా ఉంటాయి. మేం ముందురోజు బస్సులోంచి వందలు చూశాం, ఏవో రాళ్లనుకున్నాం.

ప్రశ్న: అంత డబ్బు లేదు. మన దేశంలో అగ్నిపర్వత దీవి ఏదీ లేదా? — గాజువాక పాఠకుడు

ఉంది. అండమాన్ సముద్రంలో బారెన్ ఐలాండ్. మన దేశంలో ఇప్పటికీ పొగలు కక్కే అగ్నిపర్వతం అదొక్కటే. 1787లో పేలినట్టు నమోదైంది, నూట యాభై ఏళ్లకు పైగా ఊరుకుని 1991లో మళ్లీ లేచింది. పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, సుమారు 140 కిలోమీటర్ల దూరం. మనుషులు లేరు, దిగనివ్వరు, పడవలోంచే చూడాలి. వైజాగ్ హార్బరు నుంచే అండమాన్‌కు ఓడ ఉంది, రెండు రోజులకు పైగా ప్రయాణం. రోజూ ఉండదు, తేదీలు చూసుకుని వెళ్లండి.

ప్రశ్న: టీచర్ గారూ, మాది పెద జాలారిపేట. మా ఇంట్లో మగవాళ్లు వేటకు వెళ్తారు, మా అమ్మా నాయనమ్మా చేపలు అమ్ముతారు. ఆ దీవిలో ఆడవాళ్లే సముద్రంలోకి దిగుతారని మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు. అది నిజమేనా? టూరులో వాళ్లను చూడొచ్చా? — ఇంటర్ చదివే అమ్మాయి

ఒక్క ముక్కతో వదిలేయడం నా తప్పే తల్లీ.

వాళ్లను హెన్యో అంటారు, సముద్రపు ఆడవాళ్లు అని అర్థం. ఆక్సిజన్ సిలిండరు పెట్టుకోరు. ఊపిరి బిగబట్టి పది మీటర్ల లోతుకు మునుగుతారు, ఒక్కో మునకకు దాదాపు ఒక నిమిషం. చేతిలో చిన్న ఇనుప పనిముట్టు. రాళ్లకు అతుక్కున్న అబలోన్ చిప్పలు, నత్తలు, ఆక్టోపస్‌లు, నాచు తెస్తారు. పైన తేవాక్ అనే గుండ్రటి తేలుడు బుర్ర ఉంటుంది, దానికి వల కట్టి ఉంటుంది. మునిగి లేచినవాళ్లు దాన్ని పట్టుకుని ఊపిరి తీసుకుంటారు. అప్పుడు నోట్లోంచి సన్నటి ఈల వస్తుంది. ఆ ఈలకు వాళ్ల భాషలో పేరే ఉంది, సుంబిసోరి అని. ఊపిరి చప్పుడు అన్నమాట.

వాళ్లలో మూడు తరగతులు ఉన్నాయి, నేర్పును బట్టి. పై తరగతి వాళ్లు ఈ రోజు సముద్రం ఎలా ఉంటుందో గాలి చూసి చెబుతారు, మిగతావాళ్లు ఆ మాట వింటారు. ఒడ్డున రాళ్లు గుండ్రంగా పేర్చి మధ్యలో మంట వేసుకుంటారు. బట్టలు మార్చుకునేది, ఒళ్లు కాచుకునేది, ఊరి తగవులు తీర్చుకునేది అక్కడే. మీరు గంగమ్మకు మొక్కినట్టే వాళ్లూ సముద్రపు అమ్మవారికి మొక్కి పండగ చేస్తారు. 1932లో జపాన్ పాలనలో తమ సరుకును చవగ్గా లాక్కుంటుంటే ఈ ఆడవాళ్లే వేలమంది కలిసి ఎదురు తిరిగారు. వాళ్ల మ్యూజియం హాదో అనే ఊళ్లో ఉంది, తూర్పు టూర్లలో కొన్ని అక్కడ ఆగుతాయి. 2016లో యునెస్కో వాళ్ల సంస్కృతిని గుర్తించింది. కానీ 1960ల్లో ఇరవై వేలకు పైగా ఉన్నవాళ్లు ఇప్పుడు మూడు వేలలోపే. ఎక్కువమంది అరవై దాటినవాళ్లు.

చూడొచ్చు. సోంగ్సాన్ కొండ పక్కన చిన్న రేవులో వాళ్లు మునిగి చూపిస్తారు, సముద్రం బాగుంటేనే. అలలు పెద్దవైతే ఆపేస్తారు. కాబట్టి పొద్దున్నే గైడును అడగాలి, అప్పుడు ఆవిడ కొండ ముందా, రేవు ముందా అని మార్చుకుంటుంది. మా రోజున అలాగే మార్చింది. వ్యానులో ఏడుగురే కాబట్టి మార్చగలిగింది.

మా గైడు వాళ్లమ్మ హెన్యో. డెబ్బై ఎనిమిదేళ్ల దాకా మునిగిందట. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ గట్టు మీద నిలబడి ఈలలు వినేదాన్ని అని ఆవిడ చెప్పింది. ఎవరి ఈల వాళ్లకు వేరుగా ఉంటుందట. అమ్మ ఈల వినపడ్డాకే ఇంటికి వెళ్లేదాన్ని అంది. అది విన్నప్పుడు నాకు మీ జాలారిపేట ఒడ్డే కళ్లముందుకొచ్చింది. తుఫాను హెచ్చరిక వచ్చిన సాయంత్రాలు తెప్పల కోసం గట్టు మీద నిలబడే ఆడవాళ్లను నేను చాలాసార్లు చూశాను.

నీ ఉత్తరంలో మీ నాయనమ్మ గాలి వాసన చూసి వేట ఎలా ఉంటుందో చెప్పేస్తుందని రాశావు. ఏ గాలిని మీరు ఏమంటారో, నీటి రంగు ఎలా మారితే ఏ చేప వస్తుందో ఆవిడను కూర్చోబెట్టి అడిగి, ఆవిడ మాటల్లోనే రాసి పంపు. ఒక్క పేజీ అయినా సరే. వచ్చే నెల ఈ శీర్షికలో ముందుగా అదే వేస్తాను.